పెట్టెకు అరగంట విశ్రాంతి

పోయిన వారం పిచ్చుకను ల్యాబు గోడమీది క్యాలెండరు ముందు నిలబెట్టి వచ్చేశాం. చేతిలో వజ్రం పలికిన రోజుల జాబితా. ఎదురుగా క్యాలెండరులో, టెక్నీషియను స్విచ్చుల బాబాయ్ తన సెలవు రోజుల చుట్టూ పెన్సిలుతో చుట్టుకున్న సున్నాలు. పదకొండు నెలల్లో వజ్రాన్ని నలభై సార్లు అడిగితే పద్నాలుగు సార్లు పలికింది. ఆ పద్నాలుగింటిలో పదమూడు సార్లు తేదీ చుట్టూ సున్నా ఉంది. మిగిలిన ఒక్క రోజు ఆయన సున్నా చుట్టడం మరిచిపోయి ఉంటాడని పిచ్చుక సరిపెట్టుకుంది. బాబాయ్ లేని రోజే వజ్రం మాట్లాడుతోంది. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు.

పిచ్చుక విశ్వవిద్యాలయంలో ఐదో ఏడు పరిశోధన చేస్తున్న అమ్మాయి. చిన్నప్పుడు రెండు మెతుకులు కొరికి లేచిపోయేదని అక్క పెట్టిన పేరు అది. ఒకసారి అక్క ల్యాబుకు ఫోన్ చేసి ఆ పేరుతో అడిగింది. అప్పటినుంచి ఇక్కడా అదే స్థిరపడిపోయింది. పిచ్చుక పనల్లా వజ్రపు ముక్కలతో. ఒక్కొక్కటి గోరంత కూడా ఉండదు. వజ్రంలో అక్కడక్కడా ఒక పరమాణువు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని పట్టుకుని ఉండే ఎలక్ట్రాన్లు బుల్లి దిక్సూచి ముళ్ళలాంటివి. మైక్రోవేవ్ తరంగంతో వాటికి ఒక మాట చెప్పి, కాసేపు ఆగి అడిగితే, ఆ మాటను తిరిగి అప్పజెబుతాయి. ఎంతసేపు ఆగి అడిగితే ఇంకా గుర్తుంటుందన్నదే ప్రశ్న. రేపటి కొత్తరకం కంప్యూటర్లకు జ్ఞాపకశక్తి అక్కడినుంచి రావచ్చని ఆశ. ఎక్కడైనా సెకనులో చిన్న తునకసేపు గుర్తుంచుకునే వజ్రం, పిచ్చుక దగ్గర మూడు సెకన్లు గుర్తుంచుకుంది.

అది పరిశోధన పేపరుగా రాశారు. పత్రిక వేసుకుంటానంది. ఇంతలో మరో ల్యాబువాళ్ళు, అలాంటి ముక్కతోనే, అచ్చం అలాగే చేసి చూశాం, మాకేమీ వినబడలేదు అని మర్యాదగా ఉత్తరం రాశారు. అచ్చుకు ముందరి ఆఖరి ప్రూఫు, పిచ్చుకకు గైడైన మేడం బల్లమీద ఉంది. బుధవారం సాయంత్రం ఐదు లోపల పంపాలి, లేకపోతే ఆపమని చెప్పాలి. "ఏ మాటైనా సరే, నీ నోటినుంచే రావాలి," అని మేడం పిచ్చుకతో అంది.

ఆ బుధవారం తెల్లవారింది.

*

పిచ్చుక ఉండేది అక్కా బావల ఇంట్లో. బావ సిటీ బస్సు డ్రైవరు. పొద్దున్నే యూనిఫాం చొక్కా వేసుకుని, ఒక బూటు తొడుక్కుని, రెండోది కనబడక బల్లకింద వెతుకుతున్నాడు. ఏడు నెలల పాప ఆ రెండో బూటు లేసును నోట్లో పెట్టుకుని, చాలా ముఖ్యమైన పని మీద ఉన్నట్టు కూచుంది.

"రాత్రి నిద్రపోయావా?" అంది అక్క.

"పోయాను."

"మాకు చెప్పకు. కళ్ళు చూడు, కందిరీగ కుట్టినట్టున్నాయి."

"ఏంటి మరదలా," బావ బల్లకిందనుంచే అన్నాడు, "మీ వజ్రం ఇంకా అలక పాన్పు దిగలేదా?"

"అలక కాదు బావా. ఒక మనిషి ఉంటే పలకదు. ఆయన లేకపోతే పలుకుతుంది."

"ఇందులో వింతేముంది? మా బస్సూ అంతే. దారంతా కటకటా కొట్టుకుంటుంది. తీసుకెళ్ళి మెకానిక్ ముందు పెట్టానా, పరీక్ష హాల్లో పిల్లాడిలా కిక్కురుమనదు."

"మెకానిక్ ఏదో చేస్తాడేమో."

"అడిగాను. ఏమీ చెయ్యలేదంటాడు. ఒకరోజు పక్కన కూచుని చూశాను. బానెట్ తెరవక ముందే, మాట్లాడుతూ మాట్లాడుతూ, ఊగుతున్న మూత ఒకటి చేత్తో బిగించేశాడు. ఇదేంటయ్యా అంటే, అదీ ఒక పనేనా అన్నాడు." బావ బల్లకిందనుంచి బయటికొచ్చి పాప చేతిలో బూటు చూసి, దాని జోలికి పోకుండా పక్కనే కూచున్నాడు. "చేతికి అలవాటైపోయిన పని మనిషి లెక్కలోకి రాదు. అడిగితే చెప్పలేడు. నువ్వే చూడాలి."

"అంటే బాబాయ్‌గారిని దొంగని కాపలా కాసినట్టు కాయమంటారా?" అంది అక్క. "పాప పుట్టిన రోజు ఇది ఉన్నపళంగా ఆసుపత్రికి పరుగెత్తుకొస్తే, దీని సంచి సర్ది, బల్లకి తాళం వేసి, గొడుగుతో సహా ఆటోలో పంపించింది ఆయనే. అలాంటి మనిషిని."

పిచ్చుక గ్లాసు అందుకుంది. టీ చల్లారిపోయింది. దాన్నే తాగింది.

*

ల్యాబులో రెండు వస్తువులు మనకు అవసరం. ఒకటి కూజా. మనిషి ఎత్తు స్టీలు పాత్ర అది. మంచుకన్నా ఎంతో చల్లటి ద్రవంతో నింపి ఉంచుతారు. పొడుగాటి కడ్డీ చివర వజ్రపు ముక్కను అంటించి అందులోకి దించుతారు. రెండోది సగటు పెట్టె. వజ్రం చెప్పే జవాబు చెవిలో గుసగుస కన్నా చిన్నది. ఒక్కసారి వింటే గోలలో కలిసిపోతుంది. అందుకని అదే ప్రశ్న వేలసార్లు అడిగి, వచ్చిన జవాబులన్నిటినీ ఈ పెట్టె తన లోపల ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. గోల తగ్గి మాట మిగులుతుంది. పాత పెట్టె. దాని ఫ్యాను ఉబ్బసం ఉన్నవాళ్ళలా శబ్దం చేస్తుంది.

పొద్దున పరికరాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి పిచ్చుక చిన్న కొలత చేస్తుంది. వజ్రానికి మాట చెప్పి, వెంటనే అడుగుతుంది. జవాబు గట్టిగా వస్తుంది. భోజనమయ్యాక పెద్ద కొలత. చెప్పి, ఆగి, ఇంకా ఆగి, మూడు సెకన్లు ఆగి అడుగుతుంది. ఐదేళ్ళుగా ఇదే వరస.

ఆ రోజు ఒంటిగంటకు అందరూ క్యాంటీనుకు వెళ్ళారు. పిచ్చుక వెళ్ళలేదు. కూజా వెనక ముక్కాలి పీట వేసుకుని, అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచుంది. తనమీద తనకే చిరాగ్గా ఉంది. నాన్నతో సమానమైన మనిషిని పైపుల సందులోంచి చూడ్డానికి చదివానా ఇంత చదువు అనుకుంది.

ఒంటిగంటా ఐదుకు బాబాయ్ వచ్చాడు. ముందు లైట్లార్పాడు. అందుకే ఆయనకు ఆ పేరు. కిటికీలోంచి వచ్చే వెలుతురు చాలనుకున్నట్టు చుట్టూ చూశాడు. నేలమీద పడున్న స్క్రూ తీసి జేబులో వేసుకున్నాడు. పరికరాల స్టాండు మీద ఆయనే పెద్ద అక్షరాలతో రాసి అంటించిన 'ఎవరూ ముట్టుకోవద్దు' కాగితం అంచు లేచి ఉంటే వేలితో అదిమాడు. తరవాత సగటు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు కాసేపు ఉంచి, వెనకవైపు చెయ్యి పెట్టి స్విచ్చు ఆపేశాడు. ఉబ్బసం ఆగింది. గది ఒక్కసారి నిశ్శబ్దమైంది.

"బాబాయ్."

ఆయన ఉలిక్కిపడలేదు. "ఇక్కడున్నావా తల్లీ? తినడానికి వెళ్ళలేదే?"

"ఇప్పుడేం చేశారు?"

"ఏం చేశాను?"

"ఆ పెట్టె."

"ఓ, అదా. కాసేపు ఆపాను. పొద్దున్నుంచి మోగుతోంది, చెయ్యి పెట్టి చూడు, పెనంలా ఉంది. నువ్వు తినొచ్చేసరికి చల్లబడుతుంది, మళ్ళీ వేస్తాను. అదీ పనిచేసేదే కదా. అరగంట ఊపిరి పీల్చుకోనీ."

"రోజూ ఆపుతారా?"

"వచ్చిన ప్రతిరోజూ. నువ్వు చేరకముందు నుంచే. ఏమ్మా, తప్పా?"

తప్పో కాదో పిచ్చుకకు తెలియలేదు. తెలియకుండానే నోరు జారింది. "మీరు లేని రోజుల్లోనే నాకు ఫలితం వస్తోంది బాబాయ్," అంటూ జాబితా చేతికిచ్చింది. ఇచ్చిన మరుక్షణం వెనక్కి లాక్కోవాలనిపించింది.

బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఒక్కో తేదీ చదివాడు.

"ఇవి నేను మీ పిన్నిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళిన మంగళవారాలు," అన్నాడు. పోయినేడు జబ్బు చేసి పిన్నికి మాటలు పోయాయి. వాటిని ఒక్కొక్కటిగా మళ్ళీ నేర్పుతున్నారు. "ఇదిగో, ఈ మొదటి తేదీ. ఆ రోజు 'చెంచా' అంది. మూడు నెలల తరవాత మొదటి మాట. నా పేరు చెబుతుందేమోనని నేను కూచుంటే, చెంచా అంది." నవ్వాడు. "అయితే ఆ రోజే ఇక్కడ నీ వజ్రం కూడా పలికిందన్నమాట."

పిచ్చుక కాగితం కోసం చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు.

"నేను రాకపోతేనే మేలంటే చెప్పమ్మా. రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుంది. కలిపి సెలవు పెట్టేస్తాను. ఇంట్లో చెంచాలు అందిస్తూ కూచుంటా."

"అలా అనకండి బాబాయ్."

"మరెలా అనాలి? నాకర్థం కాక అడుగుతున్నా. ఆపి మళ్ళీ వేస్తాను. అందులోంచి ఏం పోతుంది?"

"ఏమీ పోదు. లోపల పేర్చుకున్న పాత లెక్క పోతుందంతే. అది పోయినా పరవాలేదు. ఎలాగూ కొత్త కొలత మొదలయ్యేముందు ప్రోగ్రామే దాన్ని తుడిచేసి..."

వాక్యం మధ్యలో ఆగిపోయింది.

ప్రోగ్రామే తుడిచేస్తుంది. తుడుస్తోందా?

*

కంప్యూటరు ముందు కూచుని ప్రోగ్రాము తెరిచింది. వెళ్ళిపోయిన ఒక సీనియరు రాసింది అది. తరవాత చేతులు మారింది, ఇప్పుడు పిచ్చుకది. కిందికి జరుపుకుంటూ పోయింది. పెట్టెలోని పాత లెక్కను తుడిచేసే లైను ఉంది. ఉన్నచోటే ఉంది. కానీ దాని ముందు ఒక చిన్న గుర్తు పెట్టి ఉంది. ఆ గుర్తు ఉంటే కంప్యూటరు ఆ లైనును చదవదు, పక్కకు తప్పుకుని వెళ్ళిపోతుంది. పక్కనే ఒక మాట కూడా రాసి ఉంది. 'తాత్కాలికం. రేపు తీసెయ్యాలి.' కింద తేదీ. పదకొండు నెలల క్రితం, వజ్రం మొదటిసారి పలకడానికి ముందురోజు.

రాసింది పిచ్చుకే.

గుర్తొచ్చింది. పెట్టె తుడుచుకోవడానికి ప్రతిసారీ నలభై సెకన్లు పట్టేది. ఆ రోజు వంద చిన్న పరీక్షలు చెయ్యాల్సి వచ్చి, విసుగొచ్చి, ఈ ఒక్క పూటకీ వద్దులే అనుకుంది. ఆ 'రేపు' ఇప్పటిదాకా రాలేదు.

"ఏమైందమ్మా?" అన్నాడు బాబాయ్.

"ఏమో బాబాయ్. ఒక్క నిమిషం. నాకే తికమకగా ఉంది."

పొద్దున చిన్న కొలత. గట్టి జవాబులు వేలకొద్దీ పెట్టెలో పేరుకుంటాయి. బాబాయ్ ఉంటే భోజనం వేళ పెట్టె ఆగుతుంది, లోపలంతా పోతుంది, మధ్యాహ్నం పెట్టె ఖాళీగా మొదలవుతుంది. బాబాయ్ లేకపోతే పొద్దుటి జవాబులు అలాగే ఉంటాయి. వాటిమీద మధ్యాహ్నం జవాబులు పేరుకుంటాయి. అప్పుడు తెరమీద కనబడేది వజ్రానికి మూడు సెకన్ల తరవాత గుర్తున్న మాట కాదు, పెట్టెకు పొద్దుటినుంచీ గుర్తున్న మాట.

మరి ఆ గీత? ఆగే సమయం పెరిగేకొద్దీ జవాబు మెల్లగా, ఎంతో అందంగా తగ్గుతూ పోయే గీత. పేపరులో మొదటి బొమ్మ అదే. చూసిన ప్రతివాళ్ళూ మెచ్చుకున్నది దాన్నే. అబద్ధం అంత అందంగా ఎలా తగ్గుతుంది? ఈ ప్రశ్న పట్టుకుని పిచ్చుక కాసేపు ఊగిసలాడింది. ఎక్కువసేపు ఆగే కొలతలు ఎప్పుడూ ఆఖర్న చేస్తుంది. అప్పటికి పొద్దుటి జవాబుల మీద వేలకొద్దీ ఖాళీ జవాబులు వచ్చి పడతాయి. పాలలో నీళ్ళు పోసినకొద్దీ పలచబడినట్టు సగటు పలచబడుతుంది. అంతే. వజ్రం మెల్లగా మరిచిపోవడం కాదు. పాలలో నీళ్ళు.

"బాబాయ్, పెట్టె వెయ్యండి. ఒక పని చేద్దాం. నా బుర్ర మీద నాకు నమ్మకం లేదు. కళ్ళతో చూడాలి."

పెట్టె వేశాడు. పిచ్చుక మళ్ళీ పొద్దుటి చిన్న కొలత చేసింది. జవాబు గట్టిగా వచ్చింది. తరవాత కూజానుంచి పెట్టెకు వచ్చే కేబుల్ ఊడదీయమంది. బాబాయ్ జాగ్రత్తగా మర తిప్పి తీసి, ఆ కొసను అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు వజ్రం ఏం చెప్పినా పెట్టెకు వినబడదు. ఆ స్థితిలో పెద్ద కొలత మొదలుపెట్టింది.

కొలత అయ్యేసరికి గంటన్నర పట్టింది.

తెరమీద గీత వచ్చింది. మెల్లగా, ఎంతో అందంగా తగ్గుతూ.

బాబాయ్ తెరవైపు చూశాడు, చేతిలోని కేబుల్ కొసవైపు చూశాడు. ఆయనకు లెక్కలు తెలియవు గాని, చేతిలో ఉన్నదేమిటో తెలుసు. వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. దానిమీద దుమ్ము పడకుండా కాగితం మూత పెట్టాడు.

"అంటే చెడగొట్టింది నేను కాదన్నమాట," అన్నాడు కాసేపటికి.

"మీరున్న రోజుల్లోనే నిజం వచ్చింది బాబాయ్. ఇరవై ఆరు సార్లు. నేనే దాన్ని 'అమరిక కుదరలేదు' అని పక్కన పెట్టాను."

"నిజం సంగతి నాకు తెలీదు తల్లీ. పెట్టె వేడెక్కింది, ఆపాను."

పిచ్చుకకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. ఐదేళ్ళు ఒక రాయి మాట వినడానికి చెవులు రిక్కించుకుని కూచుంది. విన్నది తన పొద్దుటి గొంతునే. సిగ్గుపడాలా, దొరికిందని ఊపిరి పీల్చుకోవాలా తేలలేదు. రెండూ ఒకేసారి జరుగుతున్నాయి.

*

మూడున్నరయింది. బాబాయ్ జాబితా ఇంకా పట్టుకునే ఉన్నాడు.

"ఇవి పదమూడే కదా నా సెలవులు. ఈ పద్నాలుగోది?"

"ఆ రోజు మీరు సున్నా చుట్టడం మరిచిపోయుంటారు."

"నేనా? సున్నా మరిచిపోవడమా?" ఆ మాటకు మాత్రం ఆయన నొచ్చుకున్నాడు. "అన్నం మరిచిపోతానేమోగాని. తేదీ చూడు."

చూసింది. ఇన్నిరోజులూ దాన్ని ఒక అంకెలా చూసింది గాని ఒక రోజులా చూడలేదు. అది పాప పుట్టిన రోజు.

"నువ్వు పదకొండున్నరకు వెళ్ళావు," అన్నాడు బాబాయ్. "గొడుగు వద్దన్నావు, నేను బలవంతాన పెట్టాను. నేను సెలవెక్కడ పెట్టాను?"

ఆ రోజు మధ్యాహ్నం కొలత రెండున్నరకు దానంతటది మొదలయ్యేలా ప్రోగ్రాము పెట్టి వెళ్ళింది. నాలుగు రోజుల తరవాత వచ్చి చూస్తే కంప్యూటరులో ఫలితం ఉంది. వజ్రం పలికింది. పాప వచ్చిన వేళ అనుకుని మురిసిపోయింది. ఇంకేమీ చూడలేదు.

"అయితే ఆ రోజు భోజనం వేళ పెట్టె ఆపలేదేమో."

"ఆపకపోవడం ఏంటి, ఆ రోజు అది పొద్దున్నుంచి లేనే లేదు. బుక్కు తియ్యి."

బుక్కు అంటే ల్యాబులో ఎవరేం చేసినా రాసిపెట్టే లావుపాటి పుస్తకం. పిచ్చుక ఎప్పుడూ కంప్యూటరు ఫైళ్ళనే చూసుకునేది. పుస్తకం బాబాయ్ లోకం. ఆయన వేలు తడి చేసుకోకుండా, అంచులు పట్టుకుని పేజీలు తిప్పి ఆ తేదీ దగ్గర ఆగాడు. గుండ్రటి అక్షరాలు: 'సగటు పెట్టె ఫ్యాను విప్పి బాగుచేశాను. ఉదయం 9 నుంచి 2 వరకు పెట్టె ఆపి ఉంది.'

పిచ్చుక ఆ వాక్యం రెండుసార్లు చదివింది. పొద్దున చిన్న కొలత జరగలేదు; ఆసుపత్రి కంగారులో ఆ సంగతే మరిచిపోయింది. పెట్టె రెండు గంటలకు ఖాళీ కడుపుతో లేచింది. దానికి గుర్తుండటానికి ఏమీ లేదు. అయినా రెండున్నరకు అడిగితే, మూడు సెకన్ల తరవాత జవాబు వచ్చింది. మొదటి జవాబునుంచే వచ్చింది.

అన్నీ అబద్ధమని ఇప్పుడే కుదురుకున్న మనసు మళ్ళీ కదిలిపోయింది. అబద్ధం కూడా పూర్తిగా దక్కకపోతే మనిషి దేన్ని పట్టుకోవాలి?

"కింద చూడు," అన్నాడు బాబాయ్.

కింది వరసలో వేరే చేతిరాత. 'నమూనా సంఖ్య' అన్న చోట ఒకే ఒక్క అంకె. 7.

ల్యాబులో వజ్రపు ముక్కల డబ్బాకు ఆరు గుంటలుంటాయి. ఆరు ముక్కలుంటాయి. పిచ్చుక ఎప్పుడూ వాడేది మూడోది. ఆ రోజు ఫలితం పక్కన కూడా, చూడకుండా, అలవాటుగా మూడు అనే రాసుకుంది.

ఆ ఏడు నడుముకు అడ్డంగా చిన్న గీత ఉంది. ఈ భవనం మొత్తంలో ఏడుకు అలా నడుం కట్టేది ఒక్కరే.

*

ఐదుకు పది నిమిషాలుందనగా మేడం వచ్చింది. చేతిలో ప్రూఫు, చెవి వెనక పెన్ను. కూజాను, పెట్టెను, ఊడదీసిన కేబుల్‌ను, ఇద్దరి మొహాలను వరసగా చూసింది.

"చెప్పు. పంపమంటావా, ఆపమంటావా?"

పిచ్చుక చెప్పింది. తుడిచే లైను, తను పెట్టిన గుర్తు, భోజనం వేళ ఆగే పెట్టె, ఆగని పదమూడు రోజులు. ఎక్కడా తనను కాపాడుకోలేదు. మధ్యలో రెండుసార్లు తికమకపడి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మేడం ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక ముక్కాలి పీట లాక్కుని కూచుంది.

"కేబుల్ తీసి చూశావా?"

"చూశాను మేడం. గీత వచ్చింది."

"ఆ పరీక్ష పదకొండు నెలల క్రితం నేను చెయ్యమనాల్సింది," అంది మేడం. "మంచి గీత వస్తే ఎవరికీ కేబుల్ తియ్యాలనిపించదు." ఫోన్ తీసి, పత్రికవాళ్ళకు రెండు వాక్యాలు రాసి, పిచ్చుకకు చూపించింది. ఆపండి, తప్పు మాదే, వివరంగా రాస్తాం అన్న అర్థం. కింద రెండు సంతకాలు, మొదటిది మేడంది. "పేరు వచ్చేటప్పుడు నీది ముందు రాశాం కదా. తప్పుకు నాది ముందుండనీ." పంపేసింది. ఐదుకు ఇంకా నాలుగు నిమిషాలుంది.

పిచ్చుక పుస్తకం అందుకుంది.

"పద్నాలుగోది మిగిలింది మేడం." పుస్తకం తిప్పి ఆమె ముందు పెట్టింది. "ఏడో ముక్క ఏది?"

మేడం అంకెను చూసింది. ప్రూఫును మడిచింది, మళ్ళీ విప్పింది.

"నీ వయసులో నేను కూడా ఒక పేపరు వెనక్కి తీసుకున్నాను," అంది చివరికి. "ఆ ముక్కతో చేసిందే. ఒక్కసారి పలికింది, మళ్ళీ పలకలేదు. నేనే ఊహించుకున్నానన్నారు. కొన్నాళ్ళకు నేనూ అదే అనుకున్నాను. కానీ ముక్కను పారెయ్యలేకపోయాను. ఇరవై రెండేళ్ళు బీరువాలో ఉంది. ఆ రోజు నువ్వు లేవు, కూజాను ఎవరూ వాడటం లేదు. ఒక్కసారి చూద్దామనిపించింది. మూడోదాన్ని తీసి డబ్బాలో పెట్టి, దీన్ని అంటించాను. కొలిచేలోపే, రెండుంబావుకు మీటింగుకు వెళ్ళిపోవాల్సి వచ్చింది. నీ కొలత దానంతటది నడిచిందని, ఇది పలికిందని నాకు తెలీదు."

"ఫలితం నా ఫైల్లో ఉంది మేడం. మూడోదనుకుని నేను..."

"మర్నాడు కొలుద్దామని వచ్చాను. కడ్డీకి మూడో ముక్క ఉంది. నువ్వే ఏడోదాన్ని తీసి దాచావనుకున్నా. అడిగితే నా పిచ్చి బయటపడుతుందని ఊరుకున్నా. నీ దగ్గరే ఉందిగా?"

"నేను మర్నాడు రాలేదు మేడం. నాలుగు రోజులు అక్క దగ్గరే ఉన్నాను. ముక్క మార్చింది నేను కాదు."

ఇద్దరూ ఒకేసారి బాబాయ్ వైపు తిరిగారు. ఆయన పెట్టె దగ్గర నిలబడి ఉన్నాడు. అలవాటుగా అరచెయ్యి దానిమీదకు వెళ్ళింది. వేడిగా ఉందేమో, అక్కడే ఉండిపోయింది.

"కడ్డీ పైకి తీసింది నేనే మేడం. మర్నాడు పొద్దున్నే, ద్రవం నింపేముందు. చివర ఖాళీగా ఉంది. ముక్క అంటించడం మరిచిపోయారేమోననుకుని మూడోది పెట్టేశాను." ఆయన గొంతు తగ్గింది. "అదీ ఒక పనేనా అని బుక్కులో రాయలేదు."

ముక్కను కడ్డీకి పట్టి ఉంచే జిగురు, పాతబడితే, ఆ చలికి పగిలి ఊడిపోతుందని ముగ్గురికీ తెలుసు. ఊడితే ముక్క నేరుగా కూజా అడుక్కే పోతుందని కూడా తెలుసు. ఏడు నెలలుగా ఆ కూజాను ఎవరూ అడుగుదాకా ఖాళీ చెయ్యలేదు.

బాబాయ్ వెనక్కి చెయ్యి పెట్టి పెట్టెను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ముగ్గురూ కూజా వైపు తిరిగారు.